రక్తం కాగితం

గంటసేపు కూర్చోమని చెప్పి రక్తపరీక్షల కౌన్సెలరమ్మ సుభాషిణి గది తలుపు దగ్గరికి వేసుకుంది. గంటెంతసేపు, రెండు బీడీలు, ఒక టీ, నాలుగు అబద్ధాలు, అంతేగదా అనుకుని బల్ల మీద కాలు మీద కాలేసుకున్నాడు ముత్యాలయ్య. కానీ ఆస్పత్రి వరండాలో బీడీ కాల్చనివ్వరు, టీకని లేచిపోతే పారిపోయాడంటారు, అబద్ధాలు చెబుదామా అంటే వినాల్సినవాళ్లు వినే స్థితిలో లేరు. పక్కనే వరసగా తొమ్మిదిమంది ఊరి పెద్దలు, మోచేతి మడతలో దూది నొక్కిపట్టుకుని, రేవు పంచాయితీలో కూర్చునేటప్పుడు తొడిగే ఇస్త్రీ చొక్కాలతో, తీగకి గుచ్చి ఎండేసిన మడవ చేపల్లాగా వేలాడుతున్నారు. చేపలైతే నయం, ఎండాక వాసనైనా ఉంటుంది, పులుసులోకైనా పనికొస్తాయి. ఆ చివర కూర్చున్నది పెద్దకాపు పెంచలయ్య, రేవంతటికీ తల, పంచాయితీలో ఆయన ఒక్కసారి దగ్గితే కుక్కలు కూడా మొరగటం ఆపేవి. పొద్దుట్నించి ఇక్కడ పదిసార్లు దగ్గాడు. చంటిబిడ్డనెత్తుకున్న ఒక తల్లి మాత్రం, "అటు తిరిగి దగ్గు పెద్దాయనా" అంది. ఆయన నిజంగానే అటు తిరిగి దగ్గాడు. ఆ దృశ్యం ముత్యాలయ్యకి చలికాలం పొద్దున నోట్లో పడిన వేడి వేడి ఇడ్లీలాగా దిగింది.

ఇదంతా తన పనే. యాభై అయిదేళ్లలో చేసిన కొంటెపనులన్నీ ఒకెత్తు, ఇది ఒకెత్తు. అయితే మిగతావన్నీ ఊరికే చేసినవి, దీనికి మాత్రం కారణముంది, ఆ కారణం ఎదురుగా మాత్రలిచ్చే కిటికీ పక్కన నేల మీద కూర్చుని ఫోను చూసుకుంటున్నాడు. అక్క అంకాలమ్మ కొడుకు సుధాకర్. నాలుగేళ్లు కువైట్‌లో ఒక ఇంట్లో డ్రైవరుగా చేసి, ఊళ్లో రెండు నెలలుండి, కొత్త వీసా మీద మళ్లీ పోదామని మద్రాసులో మెడికల్‌కి రక్తమిచ్చాడు. మూడో రోజు ఫోన్లో ఒక్క మాట వచ్చింది, అన్‌ఫిట్ అని. ఎందుకో చెప్పరు. ఎందుకో తెలుసుకోవటానికి వాడు ఒక్కడే ఈ బల్ల మీదికి వచ్చి కూర్చున్నాడు, ఇదే సుభాషిణమ్మ వాడికి హెచ్ఐవి ఉందని చెప్పింది, మందులు మొదలుపెట్టించింది. ఆ సంగతి వాడు తల్లికి ఎలా చెప్పాలా అని ఆలోచించుకునేలోపే వీసా ఏజెంటు మద్రాసు ల్యాబులో కూపీ తీసి తడలో టీ కొట్టు దగ్గర చెప్పేశాడు. వాడింకా బస్సు దిగకముందే మాట ఊళ్లో దిగింది. ఇది జరిగి ఎనిమిది నెలలు. అప్పట్నించీ వాడు సరస్సులో కాలు పెట్టలేదు, పెట్టనివ్వలేదు. రొయ్యల వల పాతటానికి పులికాట్‌లో మంచి చోట్లు కొన్నే, వాటినే పాడు అంటారు, ఏ రోజు ఏ చోటు ఎవరిదో ఏటా చీటీలు తీసి తేలుస్తారు. చీటీల్లో పేరున్నవాడే ఊళ్లో మనిషి. తండ్రి పోయాక సుధాకర్‌కి పేరొచ్చింది. ఆ పేరు ఈ ఏడు తీసేస్తామన్నారు. చీటీలు రేపే. కువైట్ తలుపు మూసుకుంది, సరస్సు కూడా మూసుకుంటే వాడెక్కడికి పోవాలి, ఎవరైనా చెప్తే ముత్యాలయ్య విందామనుకున్నాడు, ఎవరూ చెప్పలేదు.

వాళ్లు చెప్పింది వేరే. వల లాగేటప్పుడు చేతులు కోసుకుంటాయట, రొయ్య ముల్లు గుచ్చుకుంటుందట, వాడి నెత్తురు చుక్క నీళ్లలో కలిస్తే ఊరంతటికీ అంటుకుంటుందట. కంటికి ఆవలి ఒడ్డు ఆనని అంత నీళ్లలో. అదే నీళ్లలో వీళ్లంతా తెల్లారగానే పంచె ఎత్తి వరసగా కూర్చుంటారు, దాని మీద మాత్రం ఏనాడూ కట్టుబాటు పెట్టలేదు. బయటి దేశం పోయొచ్చినవాడు రక్తం కాగితం తేవాలని పెంచలయ్య తీర్పు చెప్తుంటే ముత్యాలయ్య లేచి, రెండు చేతులూ జోడించి, మొహం భజనలో కూర్చున్నవాడిలా పెట్టి, "పెద్దలు చెప్పింది న్యాయం. ఒక్కడికెందుకన్నా, చీటీ తీసే ప్రతివోడం తెద్దాం. దేశమంటే ఒక్క కువైటేనా, మద్రాసు కాశిమేడు రేవు దేశం గాదా, తడ లాడ్జీ దేశం గాదా" అన్నాడు. వెనక నిలబడ్డ ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. అంతే, దొరికిపోయారు. వద్దన్నవాడి మొహం వంక వాడి పెళ్లాం చూస్తోంది. తెద్దాం తెద్దాం అని అందరికంటే గట్టిగా అరిచింది ఎవరంటే, అందరికంటే ఎక్కువ ఊళ్లు తిరిగినవాడు. కాగితం తేనివాడికి ఈ ఏడు చీటీ లేదని పెంచలయ్యే చెప్పి పుస్తకంలో రాయించాడు, కింద తొమ్మిది సంతకాలు, ముందు పెద్దలు తెస్తారని, తర్వాత ఊరు తెస్తుందని. కాగితంలో ఏముండాలో రాయటం ఎవడికీ తోచలేదు. తమ కాగితం బంగారంలా ఉంటుందని అంత నమ్మకం, ఈ బల్ల ఎక్కేదాకా.

పెంచలయ్య తల మీద సరిగ్గా గోడకి ఒక బొమ్మల కాగితం అంటించి ఉంది. దోమ కుడితే రాదు, ఒక కంచంలో తింటే రాదు, చెయ్యి పట్టుకుంటే రాదు, ఒకే నీళ్లలో మునిగితే రాదు. ముత్యాలయ్య అయిదో తరగతితో బడికి దండం పెట్టినవాడు, అయినా కూడబలుక్కుని అంతా చదివాడు. పెంచలయ్య పదో తరగతి పాసు, కాగితం ఆయన నెత్తి మీదే ఉంది, ఆయన తల ఎత్తలేదు. మొన్న టెస్టుల సంగతి కనుక్కోవటానికి వచ్చినప్పుడు సుభాషిణమ్మ ఓపిగ్గా చెప్పింది, దేశం మొత్తం మీద కంటే మన రాష్ట్రంలో ఇది ఎక్కువని, వెయ్యిమందికి ఆరుగురో ఏడుగురో అని. ఊళ్లో వెయ్యిమంది ఉంటారు. లెక్క ప్రకారం ఆరుగురు తేలాలి, ఒక్కడే తేలాడు, వాడైనా కువైట్‌వాడు రక్తం అడగబట్టి తేలాడు. మిగతా అయిదుగురు ఎక్కడున్నారు, ఈ బల్ల మీదే చేతులు మడుచుకుని కూర్చోలేదు గదా అని ఒక్కొక్కరి మొహం తీరిగ్గా చూశాడు. ఇంకోటి కూడా చెప్పింది ఆ పిల్ల. ఆ దేశంలో కార్లు తోలటానికి పోవాలన్నా, అంట్లు తోమటానికి పోవాలన్నా మనవాడి రక్తం చూస్తారట, ఉంటే రానివ్వరట. మన దేశానికొచ్చేవాణ్ణి మాత్రం మనం అడగమట, ఆ రూలు ఎప్పుడో తీసేశారట. పనికి గానీ కూలికి గానీ ఇలా రక్తం కాగితం అడగకూడదని మనకి చట్టమే ఉందట. విని ఛాతీ పొంగింది ముత్యాలయ్యకి, అబ్బో మన దేశం అనుకున్నాడు, తర్వాత తమ రేవు గుర్తొచ్చింది. ఢిల్లీలో ఎత్తేసిన రూలుని పట్టుకొచ్చి చేపలబుట్టలో పెట్టుకున్నారు మహానుభావులు. విమానాలు లేవు, వీసాలు లేవు, రెండు వందల ఇళ్లు, అయినా తమది కువైట్ కంటే పెద్ద దేశం. రాజు పెంచలయ్య. అటు తిరిగి దగ్గే రాజు. టెస్టుకి ముందు ఒక్కొక్కర్నీ లోపలికి పిలిచి, ఎవరైనా బలవంతం చేశారా అని ఆ పిల్ల అడిగినప్పుడు తొమ్మిదిమందీ లేదమ్మా, మా ఇష్టంతోనే అన్నారట. జన్మలో మొదటిసారి అందరూ ఒక్క మాట మీద నిలబడ్డారు, అది కూడా అబద్ధం మీద.

జాగ్రత్తల సంగతి చెప్పాలంటే అంతకంటే పెద్ద కథ. పదేళ్ల కిందట ఏదో సంస్థ తరఫున లిల్లీ అనే ఆమె నెలనెలా ఊరికొచ్చి నిరోధ్ పెట్టెలు ఉచితంగా పంచేది. ఊరు ఊరంతా ఎగబడింది. పెట్టె సాయంత్రానికి ఖాళీ. సంస్థవాళ్లు ఆ ఊరిని చూసి నేర్చుకోండని ముత్తుకూరు దాకా చాటుకున్నారట. ఎగబడింది ఎందుకంటే, వలకి పోయేటప్పుడు నీళ్లు పడకుండా ఫోను అందులో పెట్టి ముడేస్తే, పడవ బోల్తా పడ్డా ఫోను మోగుతుంది. బీడీలకొకటి, అగ్గిపెట్టెకొకటి, ఫోనుకొకటి. ఒక్కొక్కడూ రొమ్ము జేబులో మూడేసి వేసుకుని తిరిగేవాడు, అవసరమైన చోటికి పోయేటప్పుడు మాత్రం జేబు ఇంట్లో మర్చిపోయేవాడు. ఫోన్లన్నీ క్షేమం. ముత్యాలయ్య ఇంకో అడుగు ముందుకేసి, పెంచలయ్య కూతురి పెళ్లికి ఇరవై ఊది పందిరికి కట్టాడు, పంతులు గారు బుడగలు బాగున్నాయన్నాడు. అది తలుచుకుని ఇప్పుడు కూడా బల్ల మీద ఒక్కడే కిసుక్కుమన్నాడు.

ఆ నవ్వుకి పెంచలయ్య మెల్లగా జరిగి పక్కకి వచ్చాడు. చెమట, సెంటు కలిసిన వాసన.

"ఒరే ముత్యాలూ, ఇంక చాల్లేరా ఆట."

"ఆటేందన్నా. పుస్తకంలో రాయించింది నువ్వేగదా."

"పిలగాడి పేరు చీటీల్లో వేస్తాంలే. వాడు నీళ్లలో దిగొద్దు, అంతే. వాడి వంతు వల ఎవురో ఒకరు పాతి, రొయ్యల్లో వాడి పాలు ఇంటికి పంపిస్తారు. కాగితాలూ గీగితాలూ ఎవురూ చూపిచ్చేపన్లా."

"అంటే వాడు ఇంట్లో కూర్చోని, మీరు పంపిచ్చే రొయ్యలు తింటా ఉండాల."

"తప్పేంది. సుఖంగదా."

"అంత సుఖమైతే నువ్వే కూర్చోన్నా. నీ వంతు నేను పాతి పంపిస్తా."

పెంచలయ్య మొహంలోకి కాసేపు కోపం వచ్చింది, చుట్టూ చూసి, ఇక్కడ తన కోపానికి చెల్లుబాటు లేదని గుర్తొచ్చి, వచ్చిన దారినే పోయింది. ఎదురుగా సుధాకర్ తల ఎత్తలేదు గానీ విన్నాడు, వాడి బొటనవేలు ఫోను మీద కదలటం ఆగింది. నిన్న ఈ ఏర్పాటంతా చెప్తే వాడికేమీ సంతోషం కలగలేదు. "వాళ్లని భయపెడితే నాకేమొస్తాది మామా, నన్ను చూసి భయం పోవాలగాని" అన్నాడు. వాడికి హాస్యం తెలియదు, నాన్న పోలిక.

తర్వాత బల్ల ఖాళీ కావటం మొదలైంది. మొదటివాడు ఒంటికి పోయొస్తానని లేచాడు, మరుగుదొడ్డి ఎడమ పక్కనుంటే కుడి పక్కకి పోయాడు. అది చూసి ఇంకొకడు మోగని ఫోను చెవికి పెట్టుకుని, హలో, ఆఁ, వస్తుండా అంటూ మెట్లు దిగాడు. ఇద్దరు అన్నదమ్ములు ఒకరి మొహం ఒకరు చూసుకుని, ఏమీ చెప్పకుండా, దొంగల్లాగా కూడా కాదు, బడి వదిలిన పిల్లల్లాగా పోయారు. సుభాషిణమ్మ తలుపు తీసి ఒకటో నంబరు అంది, పేర్లు పిలవరు ఇక్కడ. ఎవరూ లేవలేదు. రెండు అంది. మూడు అంది. సగం ఖాళీ అయిన బల్లని ఎక్కాలు అడుగుతున్నట్టుంది. పెంచలయ్య చివరిదాకా ఉంటాడనుకున్నాడు ముత్యాలయ్య, ఎంతైనా పెద్దకాపు, గాలివానలో చుక్కాని వదలనివాడని పేరు. ఆరు అనే మాట వినపడగానే చుక్కాని వదిలేశాడు, మిగిలినవాళ్లు ఆయన వెనకే. ముసలి నడుముతో అంత తొందరగా నడవగలడని ఊళ్లో ఎవరికీ తెలియదు. తుఫానుకి భయపడనివాళ్లు, సొరచేపకి భయపడనివాళ్లు, ఒక ఆడపిల్ల చేతిలో మడతపెట్టిన కాగితానికి భయపడి బజార్లో పడ్డారు. ఉమ్మేయాలనిపించింది, ఇక్కడ ఉమ్మరాదు అని ఎర్ర అక్షరాలు ఉంటే మింగేశాడు.

మింగాక చుట్టూ చూశాడు. బల్ల మీద తనొక్కడే. తొమ్మిది అంది సుభాషిణమ్మ, తొమ్మిది కూడా లేడు, తర్వాతిది తన నంబరే. లేవబోతే మోకాళ్లు లేవలేదు, అవి వేరే ఎవరివో అయినట్టు పంచెలో అలాగే ఉండిపోయాయి. ఏందిది, ఏమీ లేనిదానికి. రొయ్యల లారీ మీద మద్రాసు తిరిగిన మూడేళ్లు, తడ దగ్గర వెనక్కొచ్చేటప్పుడు ఆగటం, ఆ గది, నీలం గోడలు, ఆ ఆడమనిషి తన ప్రతి కొంటెమాటకీ కడుపు పట్టుకుని నవ్వేది, ఊళ్లో ఎవరూ అంత బాగా నవ్వరు. ఆమే లిల్లీ. తర్వాత సంస్థలో చేరి పెట్టెలు పట్టుకుని ఊరికొచ్చినప్పుడు తెలియనట్టే నిలబడి, అందరి ముందూ, "ఇవి ఫోన్లకి కావు ముత్యాలయ్యగారూ" అంది. అందరూ నవ్వారు, తనూ నవ్వాడు. ఆమె నవ్వలేదు. ఆమెకి ఏమైనా తెలిసి చెప్పిందా, ఊరికే చెప్పిందా, అప్పుడు అడగాల్సింది, అడగలేదు, బుడగలు ఊదుకుంటూ కూర్చున్నాడు. పదేళ్లు. ఒంట్లో పదేళ్లు ఏమీ తెలియకుండా ఉండగలదట అది, ఆ పిల్లే చెప్పింది. మరి కామాక్షి. పెళ్లాం పేరు మనసులోకి రాగానే కుడి పక్క మెట్ల వైపు చూశాడు. లేచి కుడి పక్కకి పోతే అయిపోతుంది, బజారు పక్కనే, టీ కొట్లో తొమ్మిదిమంది పక్కన పదోవాడు, ఎవరూ ఒక్క మాట అనరు, పైగా జరిగి చోటిస్తారు. అందరం పారిపోయాం గనక రాసింది కొట్టేద్దామంటారు, కొట్టేస్తారు, సుధాకర్ సంగతి మళ్లీ పెంచలయ్య దగ్గుకే వదిలేస్తారు. పోకపోతే, వాళ్లు రాసుకున్న దాని ప్రకారమే, ఊళ్లో కాగితం ఉన్నవాడు సుధాకర్ ఒక్కడే, వాడికి ఇంతలావు ఫైలే ఉంది, పక్కన నిలబడి ఇదిగో నాదీ అనేవాడు ఇంకొకడుంటే రాసింది కొట్టేయటం కుదరదు. ఇంకొకడు కావాలి. పుస్తకంలో ఆ ఇంకొకడి కాళ్లు వణుకుతాయా లేదా అని రాయలేదు. సుధాకర్ అప్పుడు తల ఎత్తి చూశాడు. రమ్మనీ పొమ్మనీ ఏమీ లేదు ఆ చూపులో. పది అంది సుభాషిణమ్మ.

"మిగతావాళ్లేరి?"

"గాలి పీల్చుకునేదానికి పొయ్యారమ్మా."

ఆమె నమ్మలేదు, పోట్లాడనూ లేదు. మడిచిన కాగితం మీద అరచెయ్యి ఆనించి, "తెరిచేముందు ఒక మాట అడుగుతాను. ఒకవేళ ఉందని వస్తే ముందు ఎవరికి చెప్తారు?" అంది. ఏదో ఒక కొంటె జవాబు చెప్పాలి, ముత్యాలయ్య అన్నాక. నోరు తెరిస్తే, "బయట కూర్చోనుండాడే, మా అక్క కొడుకు, వాడికి" అని వచ్చింది. కామాక్షి కాదు, అక్క కాదు. పక్కకి జరగకుండా కూర్చునేవాడు ఊళ్లో వాడొక్కడే, ఆ సంగతి నోటికి ముందు తెలిసింది, తనకి తర్వాత తెలిసింది.

లేదు అంది ఆమె. మీకు లేదు.

ఒళ్లంతా ఒక్కసారి తేలికైపోయింది, కాళ్లు తనవయ్యాయి, కిటికీలో నుంచి వచ్చే ఎండ పసుపుగా కనిపించింది, బయట ఆటో హారన్ కూడా మేళంలా వినిపించింది, లేచి ఎగరాలనిపించింది, ఆ పిల్ల కాళ్లు పట్టుకోవాలనిపించింది, మొహం దానంతటదే చెవుల దాకా సాగిపోయింది. సాగిన మొహంతోనే గుర్తొచ్చింది. ఎనిమిది నెలలుగా రోజూ వాడి భుజం మీద చరిచి చెప్తున్నాడు, ఏముందిరా అందులో, షుగర్ లాంటిదే, రోజుకొక మాత్ర, నూరేళ్లు బతకచ్చు అని. డాక్టర్లూ అదే చెప్పారు, నిజమే చెప్పారు. తను చెప్పింది మాత్రం నిజం కాదు. షుగర్ లేదని చెప్తే మనిషికి ఇంత సంతోషం రాదు. ఈ సంతోషం ఎంతుందో అప్పుడు చెప్పిన అబద్ధం అంత ఉంది. బజార్లో కూర్చున్న తొమ్మిదిమందీ వాడికి దూరంగా జరిగారు, కళ్లముందే జరిగారు, వాడికి తెలిసేట్టు జరిగారు. తను భుజం మీద చెయ్యేసి, లోపల జరిగాడు. ఆ తొమ్మిదిమందిని తిట్టిన తిట్లు ఏ ఒక్కటీ వెనక్కి తీసుకోడు, కాకపోతే పదోవాడికి వేరేగా ఒకటి దాచాలి, అది అన్నిట్లోకీ పెద్దదై ఉండాలి.

"కాసేపు ఇక్కడే కూర్చుంటానమ్మా."

"కళ్లు తిరుగుతున్నాయా? లేదనేగా చెప్పాను పెద్దాయనా."

"అందుకేనమ్మా. ఈ మొగం పెట్టుకోని బయటికి పోలేను."

ఆమె ఒక గ్లాసు నీళ్లిచ్చింది. తాగాడు. మొహం తగ్గలేదు. పెదవులు కొరుక్కున్నాడు, చచ్చిపోయిన నాన్నని తలుచుకున్నాడు, పెంచలయ్య గెలిచినట్టు ఊహించుకున్నాడు, ఏం చేసినా లోపల్నించి పొంగుతూనే ఉంది. చివరికి తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని, చెమట తుడుచుకునేవాడిలా బయటికి వచ్చాడు. సుధాకర్ లేచి నిలబడ్డాడు, ఒక్క చూపు చూశాడు.

"నవ్వు మామా, ఎందుకట్టా బిగబట్టుకుంటావు. నేనేమీ అనుకోను."

యాభై అయిదేళ్లు అన్నిటికీ నవ్వినవాడికి, నవ్వమని ఒకడు చెప్పినప్పుడు నవ్వు రాలేదు. తువ్వాలు తీశాడు. మొహం మామూలుగా ఉంది, లేక అలా అనిపించింది. ఇద్దరూ మెట్లు దిగి రోడ్డు దాటారు.

టీ కొట్టు ముందు పొడుగాటి బల్ల మీద, పక్కన కుర్చీల్లో తొమ్మిదిమందీ ఉన్నారు, టీ గ్లాసులు చేతిలో, మళ్లీ పెద్దమనుషులైపోయి. ముత్యాలయ్యని చూడగానే తలలన్నీ ఇటు తిరిగాయి. పెంచలయ్య చూపు మొహం మీద కాదు, చొక్కా జేబు మీద పడింది. అందులో మడత కాగితం తెల్లగా కనిపిస్తోంది.

"ఏమొచ్చిందిరా?" అన్నాడు.

తీసి చూపిస్తే రెండు నిమిషాల పని. భుజాలు తడతారు, టీ చెప్తారు, సాయంత్రానికి కామాక్షి చెవిలో అమృతం పోసినట్టుంటుంది. చూపించకపోతే ఇదే తొమ్మిది నోళ్లు సాయంత్రానికి ఆమె చెవిలో ఏం పోస్తాయో తెలుసు, ఆమెకి ఇంట్లో తలుపేసి చూపించుకోవాలి, నాలుగు తిట్లు తినాలి, ఊరికి మాత్రం జీవితాంతం చూపించకూడదు.

"కాగితం వచ్చిందన్నా," అన్నాడు ముత్యాలయ్య. "తెమ్మన్నది కాగితమేగదా. నా దగ్గరొకటుంది, వాడి దగ్గరొకటుంది. రేపు చీటీల కాడ ఇద్దరం నిలబడతాం. మీరెవురూ లేరు గాబట్టి చీటీలు తీసేదానికి కూడా పెద్ద టైము పట్టదు."

"అదిగాదురా. అందులో ఏముందని."

"నీ కాగితంలో ఏముందో నువ్వు చెప్పు, నాదాంట్లో ఏముందో నేను చెప్తా. లోపల ఆ పిల్ల దగ్గర పడుంది, పొయ్యి తెచ్చుకో, నంబరు ఆరు."

ఎవరూ లేవలేదు. ముత్యాలయ్య వెళ్లి బల్ల మీద, వాళ్ల మధ్యలో కూర్చున్నాడు. అతను కూర్చోగానే ఎడమ పక్కవాడు తెలియనట్టే ఎడమకి జరిగాడు, కుడి పక్కవాడు టీ గ్లాసు తీసుకుని కుడికి జరిగాడు. ఎనిమిది నెలల్నించి సుధాకర్ ఎక్కడ కూర్చున్నా జరుగుతున్న ఆ జరుగుడే, కొలత కూడా అంతే, మూరెడు అటు, మూరెడు ఇటు. బయటినుంచి చూడటం వేరు, దాని మధ్యలో కూర్చోవటం వేరు, వీపు మీద చల్లగా తగిలింది. తర్వాత పక్కన బల్ల చెక్కని అరచేత్తో తట్టాడు.

"రారా సుధాకరూ," అన్నాడు. "ఇద్దరికి సరిపోయేంత చోటు జేశారు."